తేరని నీళ్లు

ఇదంతా మా అమ్మాయి రాసిన ఒక ఉత్తరంతో మొదలైంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ తనకు తెలిసిన నలభై తెలుగు కుటుంబాలకు పంపుదామని రాసుకుంది. వీళ్లందరూ ఏటా చలికాలంలో పిల్లల్ని వెంటబెట్టుకుని మంచు చూడటానికి తాహో సరస్సుకు పోయేవాళ్లే. ఆ సరస్సును బాగుచేసే పనులకు మనమూ తలా కొంత చందా వేద్దామని ఉత్తరం. పైన ఒక ఫొటో పెట్టింది. అందులో ఒక డైవర్ నీళ్ల అడుగునుంచి పాత టైరును పైకి తెస్తున్నాడు.

నాతోపాటు అమెరికా వచ్చిన మా తమ్ముడు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టాడు. వాడు కడప జిల్లాలో చెరువుల మరమ్మతులు చేయించి రిటైరైన ఇంజనీరు. "ముందు ఆ చెరువు చూపించమ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల నడుమ, సముద్రమట్టానికి 6,225 అడుగుల ఎత్తున, 22 మైళ్ల పొడవు, 12 మైళ్ల వెడల్పు, 1,645 అడుగుల లోతు ఉన్న నీళ్లను చెరువు అంటే అమ్మాయికి మనసొప్పలేదు. వాడికి మాత్రం నీళ్లు నిలిచిన చోటల్లా చెరువే.

సెప్టెంబరులో ఒక శనివారం పోయాం. సరస్సు దక్షిణపు ఒడ్డున వెనిస్ డ్రైవ్ అనే వీధి చివర కారు ఆపి కాలిబాట పట్టాం. ఒకపక్క తాహో కీస్ అనే కాలనీ, ఇంకోపక్క నడుమెత్తు గడ్డితో తడినేల. ఎదురుగా నీళ్లు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

తమ్ముడు: ఈ ఇళ్లు ఎప్పటివమ్మా?

అమ్మాయి: 1960లలో కట్టారు చిన్నాయనా. అంతకుముందు ఇటు కూడా ఆ గడ్డే. సరస్సులోకి 63 వాగులు వస్తాయి. అన్నిట్లోకీ పెద్దది అప్పర్ ట్రక్కీ నది. సరస్సులో కలిసేముందు ఆ నది ఈ గడ్డిలో పరుచుకుని, తెచ్చిన మట్టిని ఇక్కడే వదిలి, తేటనీళ్లతో లోపలికి పోయేది. ఆ నేలను తవ్వి కాలువలు చేశారు. తవ్విన మట్టితో మెరక చేసి దాదాపు పదిహేను వందల ఇళ్లు కట్టారు. చాలా ఇళ్ల వెనక పడవ కట్టేసుకునే రేవు.

తమ్ముడు: నీళ్లు వడకట్టే గుడ్డను చించేశారు. ఇప్పుడు కొత్త గుడ్డకు నువ్వు చందా అడుగుతున్నావు.

అమ్మాయి: మిగిలిన గుడ్డకు అతుకు పడింది. ఆ పక్క చూడు. కాలిఫోర్నియా తాహో కన్సర్వెన్సీ అని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 2020లో పని మొదలుపెట్టి నదిని మళ్లీ గడ్డిలోకి పారేట్టు చేసింది.

తమ్ముడు: ఎవరి డబ్బుతో?

అమ్మాయి: ఎక్కువ భాగం ప్రభుత్వానిదే.

తమ్ముడు: నేను చెప్పదలచింది కూడా అదే. ఈ సరస్సుకు జరిగిన అతి పెద్ద మేలు ఏదో దారిలో నువ్వే చెప్పావు. 1960లలోనే మురుగునీళ్లను శుద్ధి చేసినా సరే, చుక్క కూడా ఈ కొండల గిన్నెలో వదలకూడదని తీర్మానించి, పంపులు పెట్టి కనుమ దాటించి అవతలి లోయకు తోస్తున్నారన్నావు. అది చందాలతో అయ్యే పనా? చట్టం ఉండాలి, పన్ను ఉండాలి, ఏటా కరెంటు బిల్లు కట్టే సంస్థ ఉండాలి. ఈ లెక్కన మురుగునీటి సంస్థకు బిల్లు కట్టే ప్రతి ఇంటివాడూ ఈ సరస్సుకు దాతే. వాళ్లకు ఎవరూ శాలువా కప్పరు.

అమ్మాయి: ఆ చట్టాలు రావాలని ముందు గొంతెత్తింది ఎవరు? ఇక్కడ పెద్ద నగరం కట్టాలని, ఎమరాల్డ్ బే మీదుగా వంతెన వేయాలని ఒకప్పుడు ప్రణాళికలు గీశారు. ఇది చెడిపోతోందని గుర్తించిన కొందరు 1957లో సంఘం పెట్టుకున్నారు. 'కీప్ తాహో బ్లూ' అని కార్ల వెనక స్టిక్కర్లు చూశావు కదా, అవి వాళ్లవే. ఆ సంఘం నడిచింది చందాలతో. ప్రభుత్వాన్ని కదిలించే పనికి ప్రభుత్వమే డబ్బు ఇవ్వదు కదా చిన్నాయనా. ఆ వంతెన రాలేదు. 1969లో రెండు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకుని సరస్సు మొత్తానికి ఒకే ప్రణాళికా సంస్థ పెట్టుకున్నాయి.

తమ్ముడు: అది బలమైన మాట, ఒప్పుకుంటా. ఇంకో సంగతి గుర్తొచ్చింది. మన పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది కదా, 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ చెబుతుంది. కట్ట నుంచి నీళ్లు ఊరడం ఒక దోషం, చవుటినేల ఇంకో దోషం. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా దోషమే.

నేను ఆగిపోయాను. ఆ శాసనాన్ని వాడు ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు చూపించాడు. ఆరు దోషాల్లో ఐదు మట్టికీ నీటికీ సంబంధించినవి. ఈ ఒక్కటే మనుషులకు సంబంధించింది. ఇద్దరి సొత్తు ఎవరికీ పట్టదని ఆరువందల ఏళ్ల కిందటి చెరువు పనివాళ్లకు తెలుసు. ఇక్కడి మూలవాసులైన వాషో ప్రజలు వేల ఏళ్లుగా ఏ గీతా లేకుండా వాడుకున్న ఈ నీళ్ల మీద తర్వాత వచ్చినవాళ్లు గీత గీసి రెండు ముక్కలు చేశారు. ఆ దోషాన్ని కాగితం మీదైనా దిద్దడానికి 1969 దాకా పట్టింది.

అమ్మాయి: శాసనం నువ్వే తెచ్చావు కాబట్టి అడుగుతా. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి అని నాన్న చిన్నప్పుడు చెప్పేవాడు. కొడుకు, గుడి, తోట, కావ్యం, అగ్రహారం, నిధి, చెరువు. అంటే నీళ్లకు దానం చేయడం మన రక్తంలో ఉన్నదే కదా. మరి నా ఉత్తరం అంటే నీకెందుకు అంత కోపం?

తమ్ముడు: కోపం కాదు పాపా, భయం. తవ్వించడం సంతానంలో లెక్క. పూడిక తీయించడం ఏ లెక్కలోకి వస్తుందో చెప్పు. దాత చెరువు తవ్వించి పుణ్యం మూటగట్టుకుని పోయాడు. ఆ తర్వాత కట్ట మీద కంపచెట్లు మొలవకుండా, తూము మూసుకుపోకుండా, మరవ తెగకుండా చూసిందెవరు? దానికి మనవాళ్లు దానాన్ని నమ్ముకోలేదు. దశబంధం అని మాన్యం పెట్టారు. చెరువు బాగు చూసుకునేవాడికి ఆ చెరువు కింద పండేదాంట్లోనే భాగం. నీళ్లు పారించే నీరుగంటికి ప్రతి కళ్లంలో ధాన్యం మేర. ఏటా పంట వచ్చినట్టే ఏటా మరమ్మతుకు రాబడి వచ్చేది. ఆ ఏర్పాటు చెడిన చోటల్లా చెరువులు పూడిపోయాయి. దాతలు కరువై పూడిపోలేదు.

అమ్మాయి: మరి ఇక్కడ ఏటా వచ్చే రాబడి ఏది? 1997లో అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా వచ్చి ఈ సరస్సు ఒడ్డున సభ పెట్టాడు. 2000లో చట్టం చేసి పదేళ్లకు 30 కోట్ల డాలర్లు అన్నారు. 2016లో ఇంకో చట్టం, ఏడేళ్లకు 41.5 కోట్లు. చట్టంలో రాసినంత డబ్బూ చేతికి వస్తుందా? రెండో చట్టం కింద 2023 నాటికి సగం కూడా విడుదల కాలేదు. ప్రభుత్వ డబ్బు రావాలంటే ముందు సర్వే ఉండాలి, డిజైన్ ఉండాలి, అనుమతులు ఉండాలి, స్థానికంగా ఇంత వాటా పోగైందని చూపించాలి. ఆ ముందు ఖర్చుకే ఎవరి దగ్గరా పైసా ఉండదు. 2010లో పుట్టిన తాహో ఫండ్ లాంటివి చేసేది ఆ పనే. చందా చిన్నది. కానీ అది ముందు పడితే పెద్ద డబ్బు వెనక వస్తుంది. నీ ఉద్యోగంలో ఎస్టిమేటు లేక ఆగిపోయిన పనులు ఎన్ని చూశావు?

తమ్ముడు జవాబు చెప్పలేదు. బాట చివర ఇసుక మీద కూచున్నాం. ఒడ్డు దగ్గర నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున ఉన్న గులకరాళ్ల నీడలు కూడా కనబడుతున్నాయి. ఇంత తేటగా ఉన్న నీటిని పట్టుకుని చెడిపోయిందంటారేమిటని నాకు అనిపించింది. అదే పైకి అన్నాను.

అమ్మాయి: ఒడ్డున చూసి చెప్పలేం నాన్నా. ఒడ్డుకు దూరంగా పడవలో పోయి భోజనం పళ్లెమంత తెల్ల బిళ్లను తాడుకు కట్టి దించుతారు. అది ఎంత లోతులో కనుమరుగైతే నీళ్లు అంత తేట అని లెక్క. 1968లో కొలవడం మొదలుపెట్టినప్పుడు ఏడాది సగటు 102 అడుగులు. 1997కల్లా 64. 2017లో 60 అడుగుల లోపుకు పడిపోయింది. దాన్ని మళ్లీ 97 అడుగులకు తేవాలని 2011లో లక్ష్యం పెట్టుకున్నారు. గడువు 65 ఏళ్లు.

తమ్ముడు: ఎందుకు తగ్గింది? నీ ఫొటోలో ఉన్న టైరు వల్లనా?

ఇక్కడ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం నాకు బాగా గుర్తుంది.

అమ్మాయి: టైరు వల్ల కాదు. సన్నమట్టి వల్ల. మిల్లీమీటరులో అరవయ్యో వంతు కూడా ఉండని రేణువులు. అవి తొందరగా అడుగుకు దిగవు, వెలుతురును చెదరగొడుతూ నీళ్లలోనే వేలాడతాయి. వాటిలో 72 శాతం ఊళ్లలోంచి, రోడ్ల మీదనుంచి కొట్టుకొచ్చేవే. చలికాలంలో కార్లు జారకుండా మంచు మీద ఇసుక చల్లుతారు. దాన్ని టైర్లు పిండి చేస్తాయి. మంచు కరిగితే ఆ పిండి కాలువల్లో పడి ఇక్కడికి వస్తుంది.

తమ్ముడు: మరి దానికి మందు?

అమ్మాయి: రోడ్డు మీది సన్నదుమ్మును పీల్చే బండ్లు. ఇళ్ల ముందర వాననీళ్లు ఇంకే గుంటలు. రోడ్డు పక్క నీళ్లు ఆపి మట్టి దించే తొట్లు. ఆ తొట్లను ఏటా శుభ్రం చేయాలి, లేకపోతే అవే మట్టిని తిరిగి కక్కుతాయి.

తమ్ముడు: పూడిక తీయడం అన్నమాట. ఇప్పుడు చెప్పు, నీ ఉత్తరంలో ఆ బండి ఫొటో ఎందుకు లేదు?

అమ్మాయి: దానికి ఎవరూ డబ్బు ఇవ్వరు చిన్నాయనా. డైవర్ల ఫొటో పెడితే ఇస్తారు. 2021 మే నుంచి ఏడాదిపాటు వాళ్లు ఈ 72 మైళ్ల తీరం వెంబడి 25 అడుగుల లోతు దాకా దిగి, 25 వేల పౌండ్లకు పైగా చెత్త తీశారు. అదేమీ చిన్న పని కాదు. చదివినవాడి గుండె కదిలింది, చేయి జేబులోకి పోయింది. ఊడ్చే బండిని చూసి ఎవరి గుండె కదులుతుంది?

తమ్ముడు: నా భయం అక్కడే ఉంది. నా సర్వీసులో ఒక చెరువు కథ చెబుతా. ఊరు పేరు వద్దు. బయట బాగా సంపాదించిన ఒక పెద్దమనిషి సొంత ఊరి చెరువును బాగు చేయిస్తానని వచ్చాడు. మంచివాడు, నిజంగా ప్రేమతో వచ్చాడు. చెరువులోకి నీళ్లు తెచ్చే వంక రెండు మైళ్ల పొడవునా పూడిపోయింది, ముందు దాన్ని తీయిద్దామన్నాను. వంక ఎవరికి కనబడుతుంది సారూ అన్నారు ఆయన మనుషులు. కట్ట మీద సిమెంటు బాట వేశారు, స్నానాల మెట్లు కట్టారు, దీపాలు పెట్టారు, శిలాఫలకం వేశారు. ఆ ఏడు మంచి వాన పడింది. నీళ్లన్నీ వంక గట్టు తెంచుకుని పక్క ఊరి పొలాల మీద పడ్డాయి. చెరువులోకి మోకాలి లోతు కూడా రాలేదు. ఆ మెట్ల మీద దిగినవాడికి కాళ్లు తడవలేదు పాపా. ఊళ్లో వాళ్లు ఇంక చెరువు బాగైపోయిందనుకుని పంచాయతీని అడగడం మానేశారు. డబ్బు పోయినందుకు కాదు, అడగడం మానేసినందుకు నేను ఏడ్చాను.

అమ్మాయి: చందా ఇస్తే అడగడం మానేస్తారంటావా? నాకు అట్లా అనిపించదు. పది డాలర్లు వేసినవాడు ఆ పది ఏమయ్యాయో కనుక్కుంటాడు. మనవాళ్లు ఇక్కడికి వచ్చి ఏం చేస్తున్నారో తెలుసా? మనవాళ్లనే కాదు, అందరూ. పిల్లలకు ప్లాస్టిక్ జారుడు పళ్లేలు కొంటారు. మధ్యాహ్నానికి అవి విరిగిపోతాయి. ఆ ముక్కల్ని మంచులోనే వదిలేసి వస్తారు. మేమూ ఒకసారి వదిలేశాం. ఎండాకాలం వస్తే అవి బయటపడతాయి, వాగుల్లో పడతాయి. మేం వచ్చే కార్ల కోసమే రోడ్డు మీద ఇసుక చల్లుతారు. మాకు ఇక్కడ ఓటు లేదు, ఇల్లు లేదు, ఇంటిపన్ను లేదు. మురుగునీటి బిల్లు కట్టేవాళ్లే దాతలన్నావు. ఏ బిల్లూ కట్టకుండా వచ్చిపోయే నేను ఏమవుతాను? నాకు చందా తప్ప ఇంకో దారి ఏదీ?

ఈ ప్రశ్నకు మా తమ్ముడి దగ్గర జవాబు లేకపోయింది. నాకూ అంతవరకు ఆ వైపునుంచి ఆలోచన రాలేదు. వాడి వాదనంతా చెరువు కింద ఉన్న ఆయకట్టు రైతు గురించి. మా అమ్మాయి మాట్లాడుతున్నది దారినపోతూ దోసిలి పట్టి తాగిపోయే మనిషి గురించి. తాహోకు వచ్చేవాళ్లలో అత్యధికులు అట్లాంటివాళ్లే. వాళ్లకు దశబంధం ఎట్లా వేస్తారు?

తమ్ముడు: బాకీ అను అయితే. దానం అనొద్దు. దానం అంటే ఇచ్చినవాడికి ఏం చేయాలో చెప్పే హక్కు వచ్చేస్తుంది. బాకీ అంటే అడిగినచోట కట్టి పోతావు.

అమ్మాయి: సరే, బాకీ. కానీ ఇచ్చేవాడు దారి చెప్పడం ఎప్పుడూ తప్పేనంటావా? ప్రభుత్వ నిపుణులు కూడా తప్పు చేశారు. 1960లలో చేపలకు మేతగా ఉంటుందని మైసిస్ అనే చిన్న రొయ్యను వాళ్లే తెచ్చి వదిలారు. అది ఈ సరస్సులో నాచునూ రేణువులనూ తిని నీళ్లు తేటపరిచే డాఫ్నియా అనే చిన్న పురుగుల్ని తినేసింది. 2011 ప్రాంతంలో ఎమరాల్డ్ బేలో ఆ రొయ్యలు వాటంతట అవే కనబడకుండా పోతే, డాఫ్నియా తిరిగి వచ్చింది, అక్కడి నీళ్లు తేటబడ్డాయి. దాన్ని చూసి రొయ్యల్ని వలవేసి తీస్తే ఎట్లా ఉంటుందని ప్రయోగాలు మొదలుపెట్టారు. ఫలిస్తుందో లేదో తెలియని అట్లాంటి పనికి పన్ను డబ్బు పెట్టడానికి ఆఫీసరు వెనకాడతాడు. రేపు ఆడిట్‌లో అడిగితే ఏం చెబుతాడు? నష్టమైనా ఫరవాలేదు, చేసి చూడండి అని చెప్పగలిగేది చందా వేసినవాడే.

తమ్ముడు: దానికి మాత్రం అడ్డు చెప్పను. ఆడిట్ భయంతో నేనే ఎన్నో మంచి పనులు వదిలేశాను.

అమ్మాయి: ఇంక ఏదానికి అడ్డు చెబుతావు?

తమ్ముడు: ఈ కాలనీలో, ఆ కొండ మీద కోట్ల డాలర్ల ఇళ్లున్నవాళ్లు చందా రాసి, దాన్ని పన్నులో తగ్గించుకుని, ఇంటి ముందర ఇంకుడు గుంట మాత్రం తవ్వకపోతే దానికి అడ్డు చెబుతా. అట్లాంటి చందా పుచ్చుకున్న సంఘం రేపు ఆ ఇంటాయన్ని గట్టిగా అడగలేదు. నీ నలభై ఇళ్లవాళ్ల పది డాలర్లకు ఆ చిక్కు లేదు. అందుకే నీ ఉత్తరం వద్దనను. ఫొటో మార్చమంటాను.

అమ్మాయి: మారిస్తే సగం మంది ఇవ్వరు.

తమ్ముడు: ఇవ్వకపోతే పోనీ, ఇచ్చే సగమే చాలు. ఒకసారికి వంద అడగొద్దు. ఐదేళ్లపాటు నెలకింత అని అడుగు. పూడిక ఒక ఏడు తీస్తే పోయేది కాదు.

కారు దగ్గరికి తిరిగి వచ్చాక వాడు రోడ్డు అంచున చతికిలబడి, సిమెంటు గట్టు వారన పేరుకున్న దుమ్మును చిటికెడు తీసి, చేతిలోని నీళ్ల సీసాలో వేసి మూత బిగించి ఊపాడు. ఇసుక క్షణంలో అడుగుకు దిగింది. మిగిలింది పలచటి మజ్జిగ రంగులో తిరుగుతూనే ఉంది. సీసాను అమ్మాయి చేతికిచ్చి, మన ఊళ్లో అయితే ఇండుపగింజ అరగదీసి వేసేవాళ్లమని అన్నాడు.

50వ నంబరు రోడ్డు మీద కొండ దిగుతుంటే 2021లో కాల్డర్ కార్చిచ్చు కాల్చిన చెట్లు మైళ్ల తరబడి నల్లగా నిలబడి ఉన్నాయి. కాలిన కొండ నుంచి వానకు వచ్చే మట్టి గురించి వాళ్లిద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. నేను సీసానే చూస్తూ కూచున్నాను. ప్లేసర్‌విల్ దాటేసరికీ తేరలేదు. రాత్రి ఫ్రీమాంట్‌లో భోజనాల బల్ల మీద పెడితే తెల్లారేసరికీ తేరలేదు.

ఆదివారం అమ్మాయి ఉత్తరం తిరగరాసింది. డైవర్ ఫొటో ఉంచుతానని పట్టుబట్టింది, ఒడ్డు శుభ్రం చేసినవాళ్ల కష్టాన్ని తీసేయలేనంది. తమ్ముడు ఒప్పుకోలేదు. చివరికి ఫొటోలు రెండయ్యాయి. టైరు ఎత్తుతున్న డైవరు ఒకపక్క, ఆ సీసా ఇంకోపక్క. ఐదేళ్లు, నెలకు పది డాలర్లు, అందులో సగం రోడ్డు దుమ్ము తీసే పనికీ తొట్లు శుభ్రం చేసే పనికీ అని రాసింది. ఆ సగం అనే మాట దగ్గర ఇద్దరికీ ఇంకా కుదరలేదు. వాడు ముప్పావు అంటాడు.

మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ వాడు సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. అవతలి గోడ ఇంకా మసకగానే కనబడింది. జేబులోంచి ఆరు వంద డాలర్ల నోట్లు తీసి అమ్మాయి ముందు పెట్టాడు. తిరుగు ప్రయాణంలో అవసరమవుతాయని దాచుకున్నవి అవి. "ఐదేళ్లు ఇక్కడ ఉండను కదమ్మా, ఒకేసారి తీసుకో" అన్నాడు. అమ్మాయి నోట్లు లెక్కపెట్టి ఏ పనికి రాసుకోమంటావని అడిగింది.